పురుగుమందులకు అనుమతి ఎలా ఇస్తారు, నియమాలు ఎందుకు మారుతున్నాయి, రైతు ఏం చూసుకోవాలి

మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందును నిషేధించామని ప్రభుత్వం చెబుతుంటే తమ మండలంలో అది ఇంకా ఎలా దొరుకుతోందని, పక్క చేలో పత్తికి కొడుతున్న మందును తన మిరపకు ఎందుకు కొట్టకూడదని, అనుమతి ఉన్న మందులే వాడినా అవశేషాలున్నాయంటూ ఎగుమతి వ్యాపారి సరుకు వెనక్కి పంపితే తప్పు ఎవరిదని ఖమ్మం ప్రాంతపు మిరప రైతు ఒకరు అడిగారు. వ్యవసాయ శాఖలో ఉండగా పురుగుమందుల ఇన్‌స్పెక్టరు బాధ్యత కూడా చూసినవాడిని కాబట్టి కొంచెం వివరంగానే జవాబిస్తాను. ఈ మూడు ప్రశ్నలకూ మూలం ఒక్కటే: మన దేశంలో ప్రభుత్వం ఇచ్చే అనుమతి మందు పేరుకు ఇచ్చేది కాదు, ఒక మందు, దాని శాతం, అది కొట్టదగిన పంట, ఆ పంట మీది ఫలానా పురుగు లేదా తెగులు, ఎకరానికి పడే మోతాదు, చివరి పిచికారీకి కోతకు మధ్య ఆగవలసిన రోజులు, ఇవన్నీ కలిసినదే అనుమతి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా అది అనుమతి లేని వాడకమే అవుతుంది.

మందు డబ్బాతో పాటు మడతపెట్టి ఇచ్చే పల్చటి కాగితాన్ని మనలో చాలామంది పొలం గట్టునే పారేస్తారు. అనుమతి అంతా రాసి ఉండేది ఆ కాగితంలోనే. ఉదాహరణకు ఫిప్రోనిల్ 5 శాతం ఎస్‌సీ (నీటిలో కలిపే చిక్కటి ద్రవ రూపం) కాగితంలో మిరప వరుస చూడండి: హెక్టారుకు 800 నుంచి 1000 మిల్లీలీటర్లు, 500 లీటర్ల నీటిలో అని ఉంటుంది. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు కనుక ఎకరాకు పడేది 320 నుంచి 400 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీటితో. హెక్టారు అంకెను ఎకరా అంకెగా చదువుకుని లీటరు డబ్బా మొత్తం ఒక ఎకరానికి కొట్టేసినవారిని నేను తరచూ చూశాను. అక్కడ మందూ అసలుదే, పంటా సరైనదే, దుకాణదారుకు లైసెన్సూ ఉంది. అయినా పొలంలో పడింది అనుమతించిన మోతాదుకు రెండున్నర రెట్లు. ఇక అవశేషాల పరీక్షలో ఏం తేలుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ వ్యవస్థ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాని బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు రవాణాలో ఆహార పదార్థాల మీద ఒలికి, అవి తిన్నవారిలో 100 మందికి పైగా చనిపోయారు. ఆ ఘటనపై జరిగిన విచారణ ఫలితంగానే 1968లో పురుగుమందుల చట్టం, 1971లో దాని నియమావళి వచ్చాయి. ఈ చట్టం కింద కేంద్ర పురుగుమందుల బోర్డు సాంకేతిక సలహా ఇస్తుంది; అనుమతి ఇచ్చేది మాత్రం ఫరీదాబాద్‌లోని రిజిస్ట్రేషన్ కమిటీ. కొత్త రసాయనం తెచ్చే సంస్థ 9(3) సెక్షన్ కింద దరఖాస్తు చేసి, మందు రసాయన స్వభావం, వేర్వేరు ప్రాంతాల్లో అది పురుగు మీద పనిచేసిన తీరు, జంతువుల మీద విషప్రభావం, పంటలోనూ నేలలోనూ మిగిలే అవశేషాలు, ప్యాకింగ్ వంటి వివరాలన్నీ సమర్పించాలి. ఒకసారి ఆ మందు నమోదయ్యాక మిగతా కంపెనీలు 9(4) సెక్షన్ కింద అవే షరతులతో అదే మందును నమోదు చేసుకోవచ్చు. మన దుకాణాల్లో ఒకే మందు ఇరవై పేర్లతో కనిపించడానికి కారణం ఇదే. ఇది ధర తగ్గించింది, కాదనను. కానీ ఆ మందు మంచిచెడ్డలకు చివరిదాకా పూచీపడే యజమాని కూడా లేకుండా పోయాడు. కొత్త పంటకు అనుమతి కావాలంటే ప్రయోగాలకు డబ్బు పెట్టాలి. పెట్టిన మరుసటి ఏడాది మిగతావారంతా ఆ ఫలితాన్ని వాడుకుంటారని తెలిసిన కంపెనీ కాకరకో, గోరుచిక్కుడుకో ఆ ఖర్చు ఎందుకు పెడుతుంది? పత్తి, వరి, మిరప వంటి పెద్ద పంటలకు అనుమతులు కుప్పలుగా ఉండి, చిన్న కూరగాయలకు వెతికినా దొరకకపోవడం వెనుక ఉన్న లెక్క ఇది.

అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. మన చట్టంలో నమోదుకు గడువు లేదు. యూరోపియన్ యూనియన్‌లో ఒక రసాయనానికి అనుమతి ఇన్నేళ్లకని ఇస్తారు. గడువు తీరేలోపు కొత్త ఆధారాలతో మళ్లీ నిరూపించుకోలేకపోతే అది పోతుంది. క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు, మాంకోజెబ్ అనే తెగులుమందు రెండూ అక్కడ 2020లో అలాగే పోయాయి. మన దగ్గర ఒకసారి నమోదైతే ఎవరో పూనుకుని రద్దు చేసేదాకా ఉంటుంది. అందువల్ల సమీక్ష అనేది క్రమం తప్పకుండా జరిగే పనిగా కాకుండా, ఒక ప్రమాదం జరిగినప్పుడో, కోర్టు అడిగినప్పుడో, ఒక కమిటీ వేసినప్పుడో జరిగే పనిగా మారింది. కేరళలోని కాసరగోడ్ జీడిమామిడి తోటల్లో చల్లిన ఎండోసల్ఫాన్ మందు జనం ఆరోగ్యాన్ని దెబ్బతీసిందన్న వ్యవహారం ఎన్నో ఏళ్లు నలిగి, చివరికి 2011 మే నెలలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో గానీ ఆగలేదు.

ఇప్పుడు మీరు చూస్తున్న మార్పులన్నీ 2013లో వ్యవసాయ శాస్త్రవేత్త అనుపమ్ వర్మ నేతృత్వంలో వేసిన కమిటీ నుంచి మొదలయ్యాయి. ఇతర దేశాల్లో నిషేధించినా మన దేశంలో వాడుకలో ఉన్న 66 మందులను ఆ కమిటీ పరిశీలించింది. దాని సిఫార్సుల మేరకు 2018 ఆగస్టులో 18 మందులపై నిషేధపు ఉత్తర్వు వచ్చింది. కార్బరిల్, మిథైల్ పారాథియాన్, ఫెంథియాన్, బెనోమిల్ వంటి 12 వెంటనే ఆగిపోగా, ఫోరేట్, ట్రైజోఫాస్, డైక్లోర్‌వాస్, ఫాస్ఫామిడాన్, అలాక్లోర్, ట్రైక్లోర్‌ఫాన్‌లకు 2020 డిసెంబరు 31 దాకా గడువు ఇచ్చారు. మన ప్రాంతంలో ఫోరేట్ గుళికలు ఎంతగా అలవాటో తెలిసిందే; ఇవాళ ఏ దుకాణంలోనైనా వాటిని చూపిస్తే అది పాత సరుకో, దొంగ సరుకో అయి ఉండాలి తప్ప మూడో అవకాశం లేదు.

మిగిలినవాటిలో 27 మందులను నిషేధించాలని 2020 మే నెలలో కేంద్రం ముసాయిదా ప్రకటించింది. ఎసిఫేట్, కార్బెండజిమ్, 2,4-డి, బ్యుటాక్లోర్, పెండిమిథాలిన్, క్లోరిపైరిఫాస్, మాంకోజెబ్ వంటి, ప్రతి రైతు ఇంట్లోనూ ఉండే పేర్లు అందులో ఉన్నాయి. పరిశ్రమ అభ్యంతరాలు చెప్పింది, మరో కమిటీ వేశారు, మూడేళ్లు గడిచాయి. 2023 సెప్టెంబరు చివర వచ్చిన తుది ఉత్తర్వులో పూర్తిగా పోయినవి డైకోఫాల్, డైనోక్యాప్, మెథోమిల్ మాత్రమే. మోనోక్రోటోఫాస్‌లో 36 శాతం ఎస్‌ఎల్ (నీటిలో కరిగే ద్రవం) రూపాన్ని, కార్బోఫ్యూరాన్‌లో 3 శాతం గుళికలు తప్ప మిగతా రూపాలన్నిటినీ ఆపేశారు. ఇంకొన్నిటికి మందును ఉంచి పంటలను తొలగించారు: క్లోరిపైరిఫాస్‌కు రేగు, నిమ్మజాతి, పొగాకు పోయాయి, మాంకోజెబ్‌కు జామ, జొన్న, కర్రపెండలం పోయాయి, మలాథియాన్‌కు టమాట, వంగ, బెండ, మామిడి సహా చాలా పంటలు పోయాయి.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. వరి రైతు వాడుకుంటున్న క్లోరిపైరిఫాస్‌ను గూడూరు నిమ్మతోటలో కొట్టడం ఈ ఉత్తర్వు తర్వాత అనుమతి లేని పని. డబ్బా ఒకటే, కంపెనీ ఒకటే, దుకాణమూ ఒకటే కావచ్చు. పంటను బట్టి మనిషి కడుపులోకి వెళ్లే మోతాదు మారుతుంది, అవశేషాలు కరిగే వేగం మారుతుంది, అసలు ఆ పంటకు సంబంధించిన సమాచారం కంపెనీలు సమర్పించాయా లేదా అన్నదీ మారుతుంది. పత్తి దూదిని ఎవరూ తినరు. ఎండుమిరపను కారం చేసి ప్రతిరోజూ తింటాం. పక్క చేలో పత్తికి కొట్టిన మందు మీ మిరపకు పనికిరాదనడానికి ఇంతకంటే లోతైన కారణం అక్కర్లేదు.

27 పేర్లు 3 పేర్లయిన తీరు మీద నా అభిప్రాయం అడిగితే, అన్ని మందులనూ ఒకే గాట కట్టలేను. మాంకోజెబ్‌కు చవకైన, తెగులు సులభంగా అలవాటుపడని ప్రత్యామ్నాయం లేదన్న వాదనలో నిజం ఉంది. దాన్ని హఠాత్తుగా తీసేస్తే రైతు రెండింతల ధరకు ఇంకేదో కొనేవాడు. మోనోక్రోటోఫాస్ విషయంలో అలాంటి సాకు చెల్లదు. దాన్ని కూరగాయలపై వాడరాదని 2005లోనే ఆపేశారు. 2013 జులైలో బిహార్‌లోని సారణ్ జిల్లాలో బడి మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయినప్పుడు, వంటనూనెలో బయటపడింది ఇదే మందు. శ్రీలంక 1995లోనే దాన్ని నిషేధించింది. అతి విషపూరితమైన మందులను అక్కడ వరుసగా తీసేస్తూ వచ్చాక మొత్తం ఆత్మహత్యల రేటు గణనీయంగా పడిపోయిందని, పంట దిగుబడులు మాత్రం తగ్గలేదని వైద్య పరిశోధకులు చూపించారు. ఆవేశపడిన క్షణంలో మనిషి చేతికి అందే డబ్బాలో ఏముందన్నది ప్రాణానికి సంబంధించిన విషయం. దీన్ని వ్యవసాయ ఉత్పత్తి లెక్కల్లో కలిపి పదేళ్లు సాగదీయడం నాకు ఎప్పుడూ సబబు అనిపించలేదు.

మరి మోనోక్రోటోఫాస్ ఇప్పటికీ దుకాణంలో ఎలా ఉంది? నిషేధపు ఉత్తర్వు వచ్చిన రోజునే సరుకంతా మాయమైపోదు. తయారీ ఆపేసి, ఉన్న నిల్వలు అయిపోవడానికి గడువు ఇవ్వడం మన పద్ధతి. ఆ గడువులో అమ్మకం చట్టబద్ధమే. అందువల్ల మీరు చూడవలసింది సీసా మీది తయారీ తేదీ, గడువు తేదీ. ఇలాంటి ద్రవ మందులకు సాధారణంగా రెండేళ్ల గడువు ఉంటుంది కాబట్టి 2023 నాటి సరుకు ఇప్పటికి కాలం తీరినదై ఉండాలి. తేదీలు కొట్టివేసి ఉన్నా, పైన ఇంకో చీటీ అంటించి ఉన్నా, బిల్లు ఇవ్వనన్నా వెంటనే మండల వ్యవసాయాధికారికి చెప్పండి. పురుగుమందుల ఇన్‌స్పెక్టరు తీసిన నమూనాను మూడు భాగాలు చేసి, ఒకటి దుకాణదారుకే ఇచ్చి, ఒకటి పరీక్షకు పంపుతారు. 30 రోజుల్లో నివేదిక రావాలి. దుకాణదారు దాన్ని ఒప్పుకోకపోతే 28 రోజుల్లో సవాలు చేయవచ్చు. అప్పుడు కేంద్ర ప్రయోగశాల ఇచ్చే నివేదికే చివరి మాట.

రాష్ట్ర ప్రభుత్వం ఎందుకు ఆపదని చాలామంది అడుగుతారు. ఆపగలదు, కానీ కొద్దికాలమే. పురుగుమందుల చట్టం 27వ సెక్షన్ కింద మనుషులకో పశువులకో ప్రమాదం ఉందని తోస్తే విచారణ పూర్తయ్యేదాకా 60 రోజులు, అవసరమైతే మరో 30 రోజులు అమ్మకాన్ని నిలిపివేయవచ్చు. నమోదు రద్దు చేసే అధికారం రాష్ట్రానికి లేదు. 2017లో యవత్మాల్‌లో పత్తి చేలల్లో మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయిన తర్వాత మహారాష్ట్ర చేసింది ఈ తాత్కాలిక నిలుపుదలే. గ్లైఫోసేట్ మీద 2018లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆంక్షలు పెట్టడానికి కారణం కాస్త వేరు. మన దేశంలో ఆ కలుపుమందుకు అనుమతి తేయాకు తోటలకు, పంటలేని ప్రదేశాలకు మాత్రమే; కానీ కలుపుమందును తట్టుకునే, అనుమతి లేని పత్తి విత్తనం చాటుమాటుగా రావడంతో పత్తి చేలల్లో దాని వాడకం పెరిగింది. 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్‌ను చీడల నియంత్రణ నిపుణుల ద్వారా మాత్రమే వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. పల్లెలో అలాంటి నిపుణుడు ఎక్కడున్నాడో ఆ ఉత్తర్వు రాసినవారికే తెలియాలి.

చట్టంలోని ఒక విచిత్రాన్ని కూడా ఇక్కడ చెప్పాలి. 38వ సెక్షన్ ప్రకారం తన సాగులో ఉన్న భూమిలో రైతు వాడుకునే మందుకు ఈ చట్టం వర్తించదు. అంటే నిమ్మకు క్లోరిపైరిఫాస్ కొట్టిన రైతు మీద ఈ చట్టం కింద కేసు ఉండదు. 1968లో రైతును వేధింపుల నుంచి కాపాడాలని పెట్టిన మినహాయింపు అది, మంచిదే. కానీ దాని అర్థం ఏమిటంటే, పంటల తొలగింపు ఉత్తర్వులన్నీ పొలం గట్టు దాకానే నడుస్తాయి. లోపల ఏం జరుగుతుందో దుకాణదారు ఇచ్చే సలహా మీద ఆధారపడి ఉంటుంది. అందుకే దుకాణదారు చదువు గురించిన నియమం నా దృష్టిలో చాలా నిషేధాల కన్నా ముఖ్యమైనది. నియమావళి సవరణతో పురుగుమందుల అమ్మకానికి వ్యవసాయం, రసాయన శాస్త్రం వంటి విషయాల్లో డిగ్రీ తప్పనిసరి చేశారు. పాత దుకాణదారులకు గడువు ఇచ్చి, తర్వాత 12 వారాల సర్టిఫికెట్ కోర్సు మార్గం చూపారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ అనే జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ 2003 నుంచి డీలర్ల కోసం ఏడాది డిప్లొమా నడుపుతోంది. ఆ కోర్సు చేసినవారి దుకాణంలో సంభాషణ వేరుగా ఉంటుంది; రైతు తెచ్చిన ఆకును తిప్పి చూసి, పై ముడతా కింద ముడతా, అంటే తామర పురుగా, నల్లి పురుగా అని తేల్చి, ఆ తర్వాతే అలమర వైపు తిరుగుతారు.

మీ మూడో ప్రశ్నకు వస్తాను. మందుకు అనుమతి ఇచ్చేది వ్యవసాయ శాఖ కింది కమిటీ, ఆహారంలో ఎంత అవశేషం ఉండవచ్చో నిర్ణయించేది ఆరోగ్య శాఖ కింది ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, విదేశానికి పంపే సరుకుకు పరిమితి పెట్టేది ఆ దేశం. ఈ మూడూ కలవాలన్న నియమం లేదు. ఏ పరిమితీ నిర్ణయించని చోట మన దగ్గర కిలోకు 0.01 మిల్లీగ్రాము మించరాదనే సాధారణ పరిమితి వర్తిస్తుంది. 2024 ఏప్రిల్‌లో సుగంధ ద్రవ్యాల విషయంలో, మన దేశంలో నమోదు కాని మందులకు దాన్ని 0.1కి పెంచారు. సింగపూర్, హాంకాంగ్‌లు భారతీయ మసాలాల్లో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందని అభ్యంతరం చెప్పింది కూడా అప్పుడే కావడంతో పెద్ద దుమారం రేగింది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన వివరణ ప్రకారం దేశంలో నమోదైన 295కు పైగా మందుల్లో సుగంధ ద్రవ్యాలకు అనుమతి ఉన్నవి 139. బాస్మతి రైతులకు ఇంకో రకం అనుభవం: అగ్గితెగులుకు వాడే ట్రైసైక్లాజోల్ మన దగ్గర సక్రమంగా నమోదైన మందే, యూరప్ 2017 చివర దాని పరిమితిని కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి దించడంతో ఇక్కడి చట్టం ప్రకారం సరైన బియ్యమే అక్కడ పనికిరానిదైంది.

కాబట్టి మీ మిరప తిరిగి వచ్చిందంటే మీరు చట్టం తప్పారని అర్థం కాదు. ఎగుమతికి ఇవ్వదలిస్తే పంట వేసే ముందే వ్యాపారిని ఏ దేశానికి, ఏ మందులు కొట్టకూడదు అని అడిగి కాగితం మీద రాయించుకోవాలి. నోటిమాట గోదాములో నిలబడదు. అయితే మన వైపు నుంచి జరిగే పొరపాటు కూడా ఉంది. 2021-22 సీజనులో నల్ల తామర పురుగు గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిరపను ఊడ్చేసినప్పుడు రైతులు చేతికందిన మందులన్నీ మూడు నాలుగు కలిపి ట్యాంకులో పోశారు. కొత్త పురుగు కాబట్టి దానికని నమోదైన మందు అప్పటికి లేదు, వారిని తప్పుపట్టలేం. కానీ అప్పటి నుంచి కలిపి కొట్టడం అలవాటుగా మిగిలిపోయింది. కంపెనీ నమోదు చేసి అమ్మే జంట మందు వేరు, మనం పొలంలో కలిపేది వేరు. మొదటిదానికి విషప్రభావ పరీక్షలు జరిగాయి, రెండోదానికి పరీక్ష మన ఒంటి మీదే జరుగుతుంది.

ఇంకో దొడ్డిదారి అవశేషం ఉంది, దీన్ని చాలామంది గమనించరు. జీవ ఉత్ప్రేరకాలని, సేంద్రియ టానిక్కులని అమ్మే కొన్ని సీసాల్లో రసాయన పురుగుమందు కలిపి ఉండటం మన రెండు రాష్ట్రాల్లోనూ పాత వ్యాధి. 2021లో ఈ జీవ ఉత్ప్రేరకాలను (బయోస్టిమ్యులెంట్లను) ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చి, వాటిలో పురుగుమందు 0.01 పీపీఎంకు, అంటే కిలోకు 0.01 మిల్లీగ్రాముకు మించరాదని నియమం పెట్టారు. తాత్కాలిక అనుమతుల గడువు కూడా 2025 జూన్‌తో ముగిసింది. "ఇది మందు కాదు సార్, సేంద్రియం, కానీ రెండు రోజుల్లో పురుగు రాలిపోతుంది" అని ఎవరైనా అంటే ఆ మాటలోనే సమాధానం ఉంది.

పిచికారీ చేసే మనిషి రక్షణ గురించి ఒక్క విషయం. సీసా మీద కోణం పైకి నిలిపిన చదరంలో దిగువ సగం రంగు విషతీవ్రతను చెబుతుంది: ఎరుపు అత్యంత తీవ్రం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు అంటే ప్రయోగ జంతువు కిలో బరువుకు 50 మిల్లీగ్రాములలోపే ప్రాణాంతకమని. ఆకుపచ్చ అంటే 5000 దాటితే గానీ కాదని. అయితే ఈ రంగు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్లే విషాన్ని మాత్రమే కొలుస్తుంది; ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా చేరేది ఆ రంగులో కనిపించదు. పైగా అది ఒక్క మందుకు ఇచ్చిన రంగు, మీరు కలిపిన నాలుగింటికి కాదు. యవత్మాల్‌లో తలెత్తు పెరిగిన పత్తిలో, ఉక్కపోతలో, జోరుగా కొట్టే పంపులతో మందుల మిశ్రమం కూలీల ముఖం మీదికే వచ్చింది. కళ్లు మసకబారడం, నోట్లో నీళ్లూరడం, చెమటలు, వాంతులు మొదలైతే బట్టలు విప్పి సబ్బుతో కడిగి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వెంట సీసా లేదా ఆ కాగితం తప్పక ఉండాలి. విరుగుడు ఏమిటో అందులో రాసి ఉంటుంది, డాక్టరు ఊహించవలసిన పని తప్పుతుంది.

చట్టమే మారుతుందా అంటే, 2008 నుంచి ప్రయత్నాలు సాగుతూనే ఉన్నాయి. 2020 మార్చిలో పురుగుమందుల నిర్వహణ బిల్లును రాజ్యసభలో పెట్టారు, పార్లమెంటు స్థాయీ సంఘం 2021 డిసెంబరులో నివేదిక ఇచ్చింది, ఆ తర్వాత 2025 పేరుతో మరో ముసాయిదాను ప్రజాభిప్రాయానికి ఉంచారు. నమోదుకు క్రమబద్ధమైన పునఃసమీక్ష, నష్టపోయిన రైతుకు పరిహారం, ఈ రెండూ అందులో ఎంత గట్టిగా ఉంటాయన్నదే నేను చూసే కొలమానం. ఇప్పటి చట్టంలో పరిహారం అన్న ఊసే లేదు. అప్పటిదాకా నాసి మందుతో పంట పోయిన రైతుకు ఉన్న దారి వినియోగదారుల కమిషనే. విత్తనాల విషయంలో ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసులోనే, రైతు కూడా వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 2012లో స్పష్టం చేసింది. ఆ దారిలో వెళ్లాలంటే బ్యాచ్ నంబరు రాసిన బిల్లు, ఖాళీ సీసా, నష్టం మొదలైన వారంలోపే వ్యవసాయాధికారి పొలం చూసి రాసిన నివేదిక చేతిలో ఉండాలి. అప్పు మీద తెచ్చుకున్నా సరే, బిల్లు మాత్రం ఆ రోజే రాయించుకోండి. పంట పోయాక పాత తేదీతో రాసిచ్చే బిల్లును కమిషన్ ముందు అవతలి లాయరు రెండు ప్రశ్నల్లో కొట్టిపారేస్తాడు.